పక్కనున్నవాడి హక్కు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కు దగ్గరలో కరెంటు సామాన్ల దుకాణం నడుపుకొనే సోదరుడొకరు మాకు చాలాకాలంగా పరిచయం. 2007 నుంచి 2011 దాకా ఆయన లిబియా రాజధాని ట్రిపోలీలో ఒక నిర్మాణ కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు. ఒకనాడు మగ్రిబ్ నమాజ్ తరువాత మస్జిద్ అరుగు మీద కూర్చొని మాట్లాడుకుంటుండగా ఆయన అన్న మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. "నాలుగేళ్ళు ఉన్నాను భాయ్‌సాబ్. ఆ ఊరి ట్రాఫిక్ గురించి అడగండి, గంటసేపు చెబుతాను. ఆ ఊరి మనిషి గురించి అడిగితే అయిదు నిమిషాలు చెప్పలేను" అన్నారాయన.

ట్రాఫిక్ గురించి ఆయన నిజంగానే గంటసేపు చెప్పారు. లిబియాలో పెట్రోలు ధర ప్రపంచంలోనే అతి చౌక ధరల్లో ఒకటి. మంచినీళ్ళ సీసా కన్నా పెట్రోలే నయమని అక్కడివాళ్ళే నవ్వుకుంటారట. ఊళ్ళో రైలు లేదు, ప్రభుత్వ బస్సులు పేరుకు మాత్రమే. అందువల్ల ఎవరికి వారే కారు తీస్తారు. అస్ర్ వేళ దాటితే సముద్రపు ఒడ్డు రోడ్డంతా కదలని బండ్ల వరుస. ఆ దేశంలో బండ్లు కుడివైపున నడుస్తాయి. మనకేమో ఎడమ అలవాటు. మొదటి ఆరు నెలలూ రోడ్డు దాటబోయిన ప్రతిసారీ తాను చూడవలసిన దిక్కు కాక రెండో దిక్కే చూసేవాణ్ణని ఆయన చెప్పారు. అయిదింటికి సైటు దగ్గర ఎక్కిన కంపెనీ వ్యాను క్యాంపు చేరేసరికి ఏడు దాటేది. ఆ రెండు గంటలూ హారన్లు, తిట్లు, నిద్ర.

రమజాన్ నెలలో ఈ రద్దీ మరీ ఎక్కువ. ఇఫ్తార్‌కు అరగంట ముందు అందరూ ఒకేసారి ఇంటిదారి పడతారు. అజాన్ వినబడిందా, ఊరు ఊరంతా ఖాళీ. తరావీహ్ తరువాత మళ్ళీ జనం రోడ్డెక్కుతారు. ఆ చివరి నిమిషాల్లో ఇల్లు చేరలేని వారి కోసం కూడళ్ళలో కుర్రవాళ్ళు నిలబడి, ఆగిన ప్రతి బండి కిటికీలోంచీ ఖర్జూరాలు, నీళ్ళ సీసాలు అందిస్తుంటారు. ఇది ఉత్తర ఆఫ్రికా నగరాలన్నిట్లోనూ కనిపించే ఆచారమే. "మా వ్యానులోకీ అందించేవాళ్ళు. తీసుకొనేవాళ్ళం. ఇచ్చిన చెయ్యి గుర్తుంది గానీ ముఖం గుర్తులేదు" అన్నారాయన.

ఆయన క్యాంపులో సోంపేట, పలాస, టెక్కలి, రాజాం, చీపురుపల్లి వైపువాళ్ళు పాతికమంది దాకా ఉండేవారు. వెల్డర్లు, ఫిట్టర్లు, తాపీ మేస్త్రీలు, వడ్రంగులు. శుక్రవారం సెలవు. ఆ రోజు కోడికూర, ఇళ్ళకు ఫోన్లు, ఎవరో తెచ్చిన తెలుగు సినిమా సీడీ. వారిలో ముస్లిం ఈయన ఒక్కరే. అయినా పండుగనాడు అందరూ కలిసి సేమ్యా తినేవారట. సంక్రాంతికి, దొరికిన పిండితో అరిసెలు వండబోయి చెడగొట్టిన కథ చెబుతూ ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. పరాయి గడ్డ మీద ఇటువంటి పందిరి లేకపోతే మనిషి బతకడం కష్టం. దాన్ని తప్పుపట్టే ఉద్దేశం మాకు ఎంతమాత్రమూ లేదు.

అయితే ఆ పందిరి చుట్టూ ఒక దడి కూడా ఉంది. క్యాంపు ఎదురుగా ఒక రొట్టెల కొట్టు. నాలుగేళ్ళ పాటు రోజూ ఉదయం ఆ కొట్టు ముసలాయన సలాం చేసి రొట్టెలు కట్టి ఇచ్చేవాడు. ఈయన ప్రతి సలాం చెప్పి డబ్బులిచ్చి వచ్చేసేవారు. జుమాకు వీధి చివరి మస్జిద్‌కు వెళ్ళేవారు. భుజానికి భుజం ఆనించి నిలబడేవారు. నమాజ్ ముగిసి సలాం తిప్పగానే చెప్పులు వెతుక్కొని బయటపడేవారు. ముసలాయన పేరేమిటని మేము అడిగితే, తెలియదన్నారు.

ఇక్కడ మాకొక ప్రశ్న తలెత్తింది. పొట్టకూటి కోసం పరదేశం వెళ్ళిన మనిషికి ఆ ఊరివాళ్ళ పట్ల బాధ్యత ఏమైనా ఉందా? 'వాడు చెమట అమ్మాడు, వీళ్ళు కూలి ఇచ్చారు, లెక్క సరిపోయింది. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో, మనసు ఇంటి దగ్గర. రోజుకు పది గంటల చాకిరీ చేసి వచ్చిన వాడిని పొరుగువారి హక్కులు చెల్లించావా అని నిలదీయడం ఏం న్యాయం?' అని చాలామంది అంటారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. వలసకూలీ బలహీనుడు. భాష రాదు, చట్టం తెలియదు, ఎవరితో మాట్లాడితే ఏ చిక్కు వస్తుందోనన్న భయం. తెలివైనవాడు తల వంచుకొని పని చేసుకొని వస్తాడు. పెద్దలు పంపేటప్పుడు చెప్పే బుద్ధి కూడా అదే కదా: ఎవరి జోలికీ పోకు నాయనా, డబ్బు కూడబెట్టుకొని క్షేమంగా రా.

దివ్య ఖుర్‌ఆన్ సూరా నిసా 36వ ఆయత్‌లో ఎవరెవరి పట్ల సద్వర్తన కలిగి ఉండాలో వరుసగా చెప్పబడింది. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల తరువాత బంధుత్వమున్న పొరుగువాడు, పరాయివాడైన పొరుగువాడు వస్తారు. వారి తరువాత 'పక్కనున్న సహవాసి', ఆ వెంటనే బాటసారి. ఈ 'పక్కనున్న సహవాసి' ఎవరన్న విషయంలో వ్యాఖ్యాతలు రకరకాలుగా చెప్పారు. ప్రయాణంలో తోడున్నవాడని కొందరు, జీవిత భాగస్వామి అని కొందరు. కొద్దిసేపు పక్కన కూర్చున్నవాడు, పక్కన పనిచేసేవాడు, బజారులో పక్కన నిలుచున్నవాడు కూడా ఆ మాటలోకే వస్తారని మరికొందరు వివరించారు. పొరుగువాడి హక్కుకు కనీసం ఇల్లు ఉండాలి. ఈ సహవాసి హక్కుకు ఇల్లు అవసరం లేదు, పరిచయం అవసరం లేదు. పక్కన ఉంటే చాలు. సాయంత్రం రద్దీలో మన వ్యాను పక్కన ఆగిన కారులోని మనిషి కూడా ఆ కాసేపు మన సహవాసే అవుతాడు.

కాబట్టి లెక్క సరిపోయిందన్న వాదన నిలవదని మా అభిప్రాయం. కూలి డబ్బుతో యజమాని లెక్క సరిపోతుంది. కిటికీలోంచి ఖర్జూరం అందించిన వాడి లెక్క మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. అయితే ఆ బాకీ ఎంత, ఎవరు ముందు తీర్చాలి అన్నది వేరే విషయం. బలవంతుడి మీద ఎక్కువ, బలహీనుడి మీద తక్కువ. స్థానికుడి మీద ముందు, వచ్చినవాడి మీద తరువాత.

ఈ సందర్భంలో ఇబ్నె బతూతా జీవితంలోని ఒక ఘటన గుర్తుకొస్తుంది. ఆయన మొరాకోలోని తాంజీర్ నగరవాసి. 1325లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో హజ్ కోసం ఒంటరిగా ఇల్లు విడిచాడు. దారిలో ఒక బిడారుతో కలిసి ట్యూనిస్ నగరం చేరాడు. ఊరివాళ్ళు ఎదురొచ్చి బిడారులో తమకు తెలిసినవాళ్ళనందరినీ ఆలింగనం చేసుకొని సలాములు చెప్పుకుంటున్నారు. ఇతనికి తెలిసినవారు ఎవరూ లేరు. ఒక్కరూ సలాం చెప్పలేదు. ఆ దుఃఖం ఆపుకోలేక ఏడ్చేశానని ఆయనే తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. యాత్రికుల్లో ఒకతను అది కనిపెట్టి దగ్గరకు వచ్చి, సలాం చేసి, ఊళ్ళోకి ప్రవేశించేదాకా మాట్లాడుతూ తోడు నడిచాడట. ఇది గమనించండి. అక్కడ భాష ఒకటే, ధర్మం ఒకటే. అతనేమీ కూలీ కాడు, చదువుకున్న ఇంటి బిడ్డ. అయినా అంత ఒంటరితనం. ఆ ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు కారు, తమవాళ్ళను చూసుకొనే సంతోషంలో ఉన్నారు, అంతే. మనం పరాయివాడికి చేసే అన్యాయంలో చాలా భాగం ద్వేషంతో కాక, మనవాళ్ళ మీది మమకారంతోనే జరుగుతుందేమో!

ఇక దారి సంగతి. దారుల్లో కూర్చోవద్దని మహాప్రవక్త (స) అనుచరులను వారించినప్పుడు, మాట్లాడుకోవడానికి మాకు అంతకన్నా చోటు లేదే అని వారు విన్నవించుకున్నారు. అలాగైతే దారి హక్కు చెల్లించండని ఆయన ఆదేశించారు. చూపులు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ప్రబోధించి చెడును వారించడం ఆ హక్కు కిందికి వస్తాయి. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. రాళ్ళు రప్పలున్న దారికి కూడా హక్కుంటుందని ఆనాడు విన్నవారు ఆశ్చర్యపోయే ఉంటారు.

సాయంత్రపు రద్దీ విషయంలో ఇంతకన్నా సూటిగా వర్తించే సంఘటన మరొకటి ఉంది. హిజ్రీ 10వ సంవత్సరం, అంతిమ హజ్. అరఫాత్ మైదానంలో సూర్యుడు అస్తమించాడు. వేలాదిమంది ఒకేసారి ముజ్దలిఫా దారి పట్టారు. వెనక కేకలు, ఒంటెలను కొట్టి తోలుతున్న చప్పుడు. మహాప్రవక్త (స) తన ఒంటె ఖస్వా పగ్గాన్ని దాని తల జీనుకు తగిలేంత గట్టిగా బిగించి పట్టి, నెమ్మది పాటించమని, తొందరపడి పరుగెత్తడంలో పుణ్యం లేదని జనానికి బోధించారు. దారి కాస్త వెడల్పయిన చోట మాత్రం వేగం పెంచేవారని కూడా హదీసుల్లో ఉంది. అంటే నెమ్మదిగా పోవడమే ధర్మమని కాదు. ముందున్నవాడికి తగలకుండా పోవడం ధర్మం. ఆనాటి ప్రయాణం ఆరాధనలో భాగం. అందులోనే తోటివాడిని తోసుకుపోకూడదన్నప్పుడు, దుకాణం మూసి ఇంటికి పోయే మనకు ఏ మినహాయింపు ఉంటుంది?

ట్రిపోలీ సోదరుని కథకు మళ్ళీ వద్దాం. 2011 ఫిబ్రవరిలో లిబియాలో తిరుగుబాటు మొదలైంది. అప్పటికి ఆ దేశంలో సుమారు 18 వేలమంది భారతీయులున్నారు. ప్రభుత్వం విమానాలు, ఓడలు పంపి వారిలో 15 వేలమందికి పైగా వెనక్కు తీసుకొచ్చింది. విశాఖ కేంద్రంగా ఉండే నౌకాదళ నౌక జలాశ్వ కూడా ఆ పనికి వెళ్ళింది. అయితే ఓడో విమానమో ఎక్కాలంటే ముందు అక్కడికి చేరాలి. ఈయన పనిచేసే కంపెనీ పెద్దలు అప్పటికే వెళ్ళిపోయారు. వ్యాను డ్రైవరు రాలేదు. రాత్రిళ్ళు తుపాకుల మోత. మూడో రోజు ఉదయం రొట్టెల కొట్టు ముసలాయన తన పికప్ బండి తెచ్చి క్యాంపు గేటు ముందు నిలిపాడు. చేతులతో సైగ చేసి ఎక్కమన్నాడు. రెండు దఫాలుగా అందరినీ విమానాశ్రయం దగ్గర దింపాడు. దారిలో నాలుగు చోట్ల బండి ఆపితే నాలుగు చోట్లా దిగి ఏదో చెప్పి దాటించాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కు తోశాడు.

"ఆయన కోసం దువా చేద్దామని కూర్చుంటాను భాయ్‌సాబ్. పేరు చెప్పడానికి పేరు లేదు. 'యా అల్లాహ్, ఆ రొట్టెల కొట్టాయన' అంటాను." ఇది చెబుతున్నప్పుడు ఆయన నవ్వలేదు.

అల్లాహ్‌కు ఆ పేరు తెలుసు, అందులో సందేహం లేదు. కానీ పేరు తెలుసుకోలేకపోయింది మనం. ముసలాయన పొరుగువాడి హక్కును పూర్తిగా చెల్లించాడు. ఈయన సలాముకు జవాబు వరకే ఆగిపోయారు. చెప్పానుగా, బలహీనుడి మీద బాకీ తక్కువ. ఆ తక్కువ కూడా చెల్లించలేదే అన్నదే ఆయన బాధ.

అన్ని కథలూ ఇలా ముగియలేదు. 2015 జూలై 29న సిర్త్ నగర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయులు స్వదేశానికి బయలుదేరి, దారిలో చెక్‌పోస్టు దగ్గర అపహరణకు గురయ్యారు. ఇద్దరు రెండు రోజుల్లో బయటపడ్డారు. మిగిలిన ఇద్దరూ తెలుగువారు, వారిలో ఒకరు మన శ్రీకాకుళం జిల్లావారు. 2016 సెప్టెంబరులో గానీ వారికి విముక్తి లభించలేదు. ఆ కాలంలో సిర్త్‌ను చెరబట్టిన ముఠా ఇస్లాం పేరే చెప్పుకొనేది. దీన్ని మనం దాటవేయకూడదు. వీసా ఇచ్చి రప్పించుకున్న మనిషికి 'అమాన్' అంటే ప్రాణరక్షణ హామీ ఇచ్చినట్టేనని మన ధర్మవేత్తలు చెబుతారు. శరణు కోరిన బహుదైవారాధకుడిని సైతం అతని సురక్షిత స్థలానికి చేర్చమని సూరా తౌబా ఆజ్ఞాపిస్తుంది. పాఠం చెప్పడానికి వచ్చిన గురువును చెరలో పెట్టినవాడు ఏ గ్రంథం చదివినట్టు?

2020 సెప్టెంబరు 14న మళ్ళీ అటువంటిదే జరిగింది. నిర్మాణ, చమురు క్షేత్రాల సరఫరా సంస్థలో పనిచేసే ఏడుగురు భారతీయులు ఇంటికి రావడానికి ట్రిపోలీ విమానాశ్రయానికి పోతూ అష్వరీఫ్ అనే చోట అపహరణకు గురయ్యారు. వారిలోనూ మన జిల్లావారు ఉన్నారు. లిబియా ప్రయాణాన్ని భారత ప్రభుత్వం 2016లోనే నిషేధించింది. అయినా ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నేలమట్టం చేశాక, ఈ పల్లెల్లో పని ఎక్కడ దొరికితే అక్కడికి పోవడమే తప్ప దేశం పేరు చూసే స్తోమత ఎందరికి మిగిలింది? ఆ ఏడుగురూ అక్టోబరు 11న విడుదలయ్యారు. అప్పుడు మన విదేశాంగ శాఖ లిబియా అధికారులతో పాటు ఆ ప్రాంతపు తెగ పెద్దలకు కూడా కృతజ్ఞతలు తెలిపింది. పట్టుకుపోయినవారూ ఆ నేలవారే, విడిపించడానికి సహకరించినవారూ ఆ నేలవారే. ఒక జాతిని మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పేవారు ఈ రెండో వార్తను కూడా చదవాలి.

మన ఉత్తరాంధ్రకు ఈ అనుభవం కొత్తది కాదు. మన ముత్తాతల కాలంలో 'రంగం పోవడం' అంటే రంగూన్ వెళ్ళడం. ఓడరేవు కూలీలుగా, రిక్షా లాగేవారుగా ఆ నగరపు వీధుల్లో సాయంత్రాలు గడిపింది ఎక్కువగా ఈ తీరపు తెలుగువాళ్ళే. తమ బస్తీలు, తమ మేస్త్రీలు, తమ భాష. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మావాళ్ళను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరగానే బర్మావాళ్ళను వెళ్ళగొట్టారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది తెలుగువారు. రెండు వైపులా పేదవాళ్ళే, ఒకే రేవులో బస్తాలు మోసేవాళ్ళే. ఒకరి పేరు ఒకరికి తెలిసి ఉంటే ఆ రోజు ఆగేదని మేము అనం. కడుపు కాలినవాడిని పరిచయం ఒక్కటే ఆపలేదు. కానీ కొన్ని ఇళ్ళలోనైనా ఒక తలుపు తెరుచుకొని ఉండేది.

పరదేశం పోయేవారికి మంచి ఉదాహరణ హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి). మక్కాలో సర్వస్వం వదులుకొని మదీనా చేరినప్పుడు అన్సార్ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దువా చేసి, అది వద్దు, బజారుకు దారి చూపించమన్నారు. మనం ఈ ఘటనను స్వయంకృషికి ఉదాహరణగా చెబుతుంటాం. దానిలో ఇంకొకటి కూడా ఉంది. ఆయన మక్కావాళ్ళ మధ్యనే కూర్చొని ఉండిపోలేదు. కొత్త ఊరి బజారులోకి, ఆ ఊరివాళ్ళ మధ్యకు వెళ్ళారు. ఆయనకు దారి చూపించడానికి సఅద్ లాంటివాడు ఒకడున్నాడన్నది అంతకన్నా ముఖ్యం.

ఇంతదాకా రాసి, మన ఊళ్ళో సఅద్ ఎవరని ఆలోచించాం. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో, 2023లో పని మొదలైన భోగాపురం విమానాశ్రయం దగ్గర, విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ లేచే ప్రతి అపార్టుమెంటులో ఒడిశా, బీహారు, బెంగాలు కుర్రవాళ్ళు పనిచేస్తున్నారు. సాయంత్రం ఆరున్నరకు ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటోలు, మోటారు సైకిళ్ళు, కాంప్లెక్సు వైపు తిరిగే బస్సులు ఒకదానికొకటి అడ్డం పడ్డప్పుడు, సిమెంటు అంటిన బట్టలతో రోడ్డు దాటలేక అంచున నిలబడి ఉంటారు వాళ్ళు. మన బండి వాళ్ళ కోసం ఆగదు. 'హిందీవాళ్ళు' అంటాం. ఒక్కొక్కరికి వేరే పేరుంటుందని మనకు తోచదు.

మా మస్జిద్‌లో రెండో వరసలో, మా ఎడమ పక్కన, రంగులు వేసే కుర్రవాడొకడు ఇషా నమాజ్‌కు వచ్చేవాడు. అతని చేతుల మీది రంగును బట్టి ఆ వారం ఏ ఇంటికి వేస్తున్నాడో చెప్పగలిగేవాళ్ళం. ఎనిమిది నెలలు. ట్రిపోలీ సోదరుడు రొట్టెల కొట్టాయన సంగతి చెప్పిన రాత్రి, సలాం తిప్పాక మేము చెప్పులు వెతుక్కోలేదు. అతని వైపు తిరిగి పేరడిగాం. కిషన్‌గంజ్ దగ్గర పల్లె అని చెప్పాడు, తండ్రి లేడన్నాడు, ఇద్దరు చెల్లెళ్ళన్నాడు. పేరు మాత్రం అన్నిటికన్నా ఆఖరున చెప్పాడు, ఆ మాట అడుగుతారని అనుకోనట్టుగా. తరువాత అతను మా పేరు అడిగాడు. ఇన్నాళ్ళూ మేము కూడా అతనికి ఎడమ పక్క చోటిచ్చే ఒక పెద్దాయనమే.

మర్నాడు ఏడు రోడ్ల దగ్గర, ఆగిన ఆటోల అవతలి నుంచి చెయ్యెత్తి అతనే ముందు సలాం చేశాడు.